నత్త పాసా, ఫెయిలా

జూలై 5

మళ్లీ శుక్రవారం. మళ్లీ "నా మాట".

ఒకటో తరగతి పిల్లలు ప్రతి శుక్రవారం, ఆ వారంలో తాము చూసినదాని గురించి నాలుగు ముక్కలు రాయాలి. నేను పదికి మార్కులు వెయ్యాలి. తప్పుకో మార్కు కోత. ఇది పెద్దమేడమ్ నియమం. నేను ఈ బడిలో చేరేసరికే ఉంది.

బొంగరమని అందరం పిలిచే పిల్ల ఇలా రాసింది: "మా బాతురూము గోడ మీద నత్త ఎకుతోంది. పడుకునే ముందు చూసాను ఎకుతోంది. లేచాక చూసాను లేదు. పైన ఏముందని ఎకింది. పైన బలుబు తప్ప ఏం లేదు."

చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాను. తర్వాత తప్పులు లెక్కపెట్టి నాలుగు వేశాను.

జూలై 8

బొంగరం తన పేజీని రబ్బరుతో చెరిపేసింది, కాగితం చిరిగేదాకా.

"ఎందుకమ్మా?"

"నాలుగు పోవాలని, టీచర్."

నాలుగు ఎర్ర సిరాతో వేశాను కదా. అది పోలేదు. నత్త పోయింది.

జూలై 9

స్టాఫ్ రూములో ధైర్యం చేసి అడిగాను. అంటే, లెక్కల మాస్టారు ఒక్కరే ఉన్నప్పుడు అడిగాను. ఒకచోట కూర్చోదని ఆ పిల్లకు బొంగరమని పేరు పెట్టింది ఆయనే.

"మాస్టారూ, ఆరేళ్ల పిల్లలకు మార్కులు అవసరమంటారా?"

"లేకపోతే ఎందుకు చదువుతారమ్మా?"

"తెలుసుకోవాలని."

"తెలుసుకుని?"

నేను టీ గ్లాసులోకి చూశాను. ఆయన పెద్దగా నవ్వాడు. "చూశావా, నీ దగ్గరా లేదు జవాబు. నీకు పదికి రెండు. చేతిరాత బాగుంటుంది కనుక ఇంకో అర."

బస్సులో వస్తుంటే జవాబులు తోచాయి. మంచివే. నాకు జవాబులెప్పుడూ బస్సులోనే తోస్తాయి.

చిన్నప్పుడు కాన్వెంటులో నాకు వచ్చిన బహుమతి ఒకటే, సత్ప్రవర్తనకు. అంటే నోరెత్తనందుకు.

జూలై 12

ఈ రోజు అంకెలు వెయ్యలేదు.

ఒక్కో పేజీ చదివి, కింద పెన్సిలుతో ఓ చిన్న బొమ్మ వేశాను. ఏది తోస్తే అది. చేప, గొడుగు, చీమ, గుర్రం. బొంగరం నత్త గురించి మళ్లీ రాసింది. ఈసారి చిన్న అక్షరాల్లో, పేజీలో ఓ మూలగా, ఎవరికీ కనబడకూడదన్నట్టు. దాని కింద నత్తను వేశాను. మిగతా బొమ్మలన్నీ కలిపినా అంత శ్రద్ధగా వెయ్యలేదు. గుల్ల మీద చారలు కూడా దిద్దాను.

మొదటి బెంచీవాడు ఒకే ఒక్క వాక్యం రాశాడు: "నేను చూశాను." ఏం చూశాడో రాయలేదు. పేజీ అంతా బోసిగా ఉంది. నిండుగా ఉంటుందని ఏనుగును వేశాను.

పెద్దమేడమ్‌కు చెప్పలేదు. ఆవిడ అడగలేదు.

జూలై 13

అత్తయ్యకు చెప్పాను. ఆవిడ మా నాన్నగారి చెల్లెలు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో నేను. నా ఉద్యోగం ఈ ఊళ్లో కనుక ఆమె దగ్గరే ఉంటున్నాను. దారం పంటితో తెంపుతూ అంది:

"మార్కులెయ్యకుండా జీతమిస్తారుటే నీకు?"

"బొమ్మలేశానుగా."

"బాగుంది. నేనూ రేపట్నుంచి బట్టలు కుట్టడం మానేసి, వాటి మీద చిలకను గీసి పంపిస్తా."

జూలై 19

"ఎన్ని వచ్చాయి?" అన్న మాట ఈ వారం తరగతిలో ఒక్కసారి కూడా వినబడలేదు.

"నీకేదొచ్చింది?" అని అడుగుతున్నారు. పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటున్నారు. బొమ్మలంటే పిల్లలకు ఇష్టం. అంతే.

బొంగరం రోజంతా ప్రశ్నలే. నీడకు బరువుంటుందా? దగ్గు ఎక్కణ్ణుంచి వస్తుంది? తాళంచెవికి తన తాళం ఏదో తెలుస్తుందా? నాకు వాటిలో ఒక్కదానికీ జవాబు సరిగ్గా తెలియదు. అయినా ఇంతకంటే మంచి వారం నాకు ఈ బడిలో లేదు.

జూలై 24

బడి విడిచిపెట్టే వేళ, గేటు దగ్గర మొదటి బెంచీవాడి అమ్మ ఆపింది. బ్యాంకులో మేనేజరు. ఆమె నిలబడితే ఎదుటివాళ్లు వరుసలో నిలుచున్నట్టు అనిపిస్తుంది.

"మీరేనా కొత్త టీచర్? మావాడికి ఏనుగొచ్చిందండీ! ఫ్రిజ్జు మీద అంటించాం. వాళ్ల నాన్నయితే ఆఫీసులో అందరికీ ఫోటో పంపారు."

"అది... ఊరికే..."

"అయ్యో, ఊరికే ఎలా వస్తుందండీ? మావాడు పైకి మొద్దులా కనిపిస్తాడు గానీ గట్టివాడు."

ఆమె వెనక ఇంకో తల్లి. మెల్లగా, సిగ్గుగా: "మా పాపకు చీమండీ. చీమంటే... పాసే కదా?"

పాసేనన్నాను. ఏమనాలి మరి?

జూలై 26

ఎవరు నిర్ణయించారో తెలియదు, వరుస ఏర్పడిపోయింది. ఏనుగు మొదటిది. తర్వాత గుర్రం, చేప, గొడుగు. గొడుగు చేపకంటే పెద్దది కదా అని ఒకడు పేచీ పెడితే, ప్రాణమున్నదే గొప్పదని మిగతావాళ్లు తీర్పు చెప్పారు. చీమ చివరికి ముందుది.

చివరిది నత్త. అది నేను వేసింది ఒక్కరికే.

జూలై 29

బొంగరం వాళ్లమ్మ వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది. ఆ పని కోటుతోనే వచ్చింది. జేబులో కత్తెర.

"టీచర్‌గారూ, ఒక్క మాట. మా పిల్ల నత్తనడక నడుస్తోందంటారా?"

"అయ్యో, లేదండీ! అది నాకు..."

"కాదు లెండి, నాతో నిజం చెప్పండి. నేను బాధపడను. ఇంట్లో కూర్చోబెట్టి రాయిస్తాను. నాకూ చిన్నప్పుడు చదువు అబ్బలేదు, దాని కర్మ నా దగ్గర్నుంచే వచ్చి ఉంటుంది." అప్పటికే కళ్లలో నీళ్లు. "పొద్దున లేస్తే గోడల వంక చూస్తూ నిలబడుతుందండీ. చెంప మీద ఒకటిచ్చాను నిన్న."

గంట కొట్టారు. తరువాతి తరగతి పిల్లలు లోపలికి తోసుకొచ్చారు. ఆమె వెళ్లిపోయింది.

చెప్పాల్సినవన్నీ బస్సులో తోచాయి.

ఆగస్టు 2

పెద్దమేడమ్ పిలిచారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆవిడ బల్ల మీద మా పిల్లల పుస్తకాలు. "ఇదంతా నువ్వు సొంతంగా ఆలోచించావా?"

"అవునండీ. తప్పయితే..."

"తప్పేంటమ్మా! బ్రహ్మాండంగా ఉంది. తల్లిదండ్రులందరూ దీని గురించే. మనమ్మాయి నోరు విప్పదు గానీ బుర్ర పాదరసం అని నేను ముందు నుంచీ అంటూనే ఉన్నాను." ఆవిడ ఎప్పుడూ అనలేదు. "చేత్తో వేస్తూ కూర్చుంటే నీకు కష్టం. రబ్బరు స్టాంపులు చేయిస్తున్నాను. అన్ని చిన్న తరగతులకూ. ఏనుగు తొమ్మిది నుంచి పది. గుర్రం ఎనిమిది. అలా కిందికి. నత్త మూడు, ఆ లోపు. సరేనా?"

అప్పుడే చెప్పాల్సింది. మేడమ్, వాటికి అర్థమేమీ లేదు అని.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు. "మనమ్మాయి" అన్నారు.

సరేనన్నాను.

రేపు చెబుతాను.

ఆగస్టు 3

శనివారం. ఆవిడ రాలేదు.

ఆగస్టు 6

స్టాంపులు వచ్చేశాయి. ఊదారంగు సిరా.

లెక్కల మాస్టారు ఏనుగు స్టాంపును తన అరచేతి మీదే గుద్దుకుని చూపించాడు. "నా బతుక్కి ఇప్పటికి ఏనుగొచ్చిందమ్మా. మా ఆవిడకు చూపించాలి, నమ్మదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తేలు కుట్టిన దొంగ కూడా నలుగురిలో ఇలాగే నవ్వుతాడు కాబోలు.

ఆగస్టు 9

"నా మాట" పుస్తకాలు దిద్దాను. వరుసగా:

"ఏనుగు పెద్దది."

"నేను ఏనుగును చూశాను. ఏనుగు మంచిది."

"ఏనుగుకు తొండం ఉంది. నాకు ఏనుగంటే ఇష్టం."

సగానికి పైగా పిల్లలు ఏనుగు గురించే రాశారు. ఈ ఊళ్లో ఏనుగులు లేవు.

ఆగస్టు 12

రేపు తప్పకుండా.

ఆగస్టు 16

బొంగరం పేజీ: "ఏనుగు పెద్దది. ఏనుగు బలమైనది. నాకు ఏనుగు ఇష్టం. ఏనుగు మంచి జంతువు."

ఒక్క తప్పూ లేదు. అక్షరాలు గుండ్రంగా, పేజీకి నడిమధ్యన.

దగ్గరికి పిలిచాను. "ఏనుగును ఎక్కడ చూశావు?"

"చూడలేదు టీచర్."

"మరి?"

"అది రాస్తే అది వస్తుందని వాడు చెప్పాడు." మొదటి బెంచీవైపు చూపించింది. "మా అమ్మ పదిసార్లు రాయించింది."

"ఈ వారం నువ్వు నిజంగా ఏమీ చూడలేదా?"

ఆలోచించింది. చూసిందని నాకు తెలుసు. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి కూడా. అంతలో బల్ల మీది స్టాంపు కంటబడింది.

"లేదు టీచర్."

ఏం వెయ్యాలి? తప్పుల్లేవు. నియమం ప్రకారం ఒకటే ఉంది.

ఏనుగు వేశాను.

సంతోషంతో ఎగిరింది. అదే నాకు సహించడం లేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆగస్టు 23

ఈ వారం బొంగరం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కుదురుగా కూర్చుంది, చేతులు కట్టుకుని.

"దారిలో పడింది మీ బొంగరం" అన్నాడు లెక్కల మాస్టారు.

"తిరగని బొంగరం పడిపోయినట్టే కదా మాస్టారూ."

బస్సులో కాదు, అక్కడే, ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి నన్ను ఒక్క క్షణం కొత్తగా చూశాడు. అని ఏం లాభం? ఆ స్టాంపు వేసింది ఆయన కాదు.

ఆగస్టు 30

పెద్దమేడమ్ సభ పెడుతున్నారు, వచ్చే శనివారం. తల్లిదండ్రులందరూ వస్తారు. "బొమ్మల పద్ధతి" గురించి వేదిక మీద నేనే మాట్లాడాలి.

"నాకు భయమండీ" అన్నాను.

"పది నిమిషాలు. రాసుకుని చదివెయ్యి."

సెప్టెంబరు 4

అత్తయ్య సభ కోసం నాకు కొత్త బట్టలు కుడుతోంది. నోటి నిండా గుండుసూదులు, వాటి మధ్య నుంచే మాటలు.

"నోట్లో నాలుక లేని దానివి, వేదికెక్కి ఏం మాట్లాడతావే?"

"కాగితం చూసి చదువుతాను."

"ఏం రాశావు?"

చదివి వినిపించాను. పిల్లల్లో ఉత్సాహం, పోటీతత్వం, తల్లిదండ్రుల సహకారం. అత్తయ్య మిషను ఆపింది.

"ఇదంతా నిజమేనా?"

"కాదు."

"మరి నిజమేంటి?"

చెప్పాను. జూలై నుంచి మొత్తం. నాకే ఆశ్చర్యం వేసింది, ఎంత తొందరగా అయిపోయిందో. రెండు గుండీలు కుట్టేంత సేపు కూడా పట్టలేదు.

"ఓసి పిచ్చిదానా" అంది. "ఇంతేనా? ఇంతదానికి నెల నుంచీ అన్నం సగంలో వదిలేస్తున్నావా?"

"చెబితే ఉద్యోగం పోతుంది అత్తయ్యా."

"పోవచ్చు" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. పోదు అని అంటుందనుకున్నాను.

సెప్టెంబరు 6

కాగితం మార్చలేదు. అదే చదివేస్తాను. తర్వాత మెల్లగా, లోపల్నుంచి మార్చుకు రావచ్చు. ఒక్కసారిగా చెబితే ఎవరికీ మేలు జరగదు. పిల్లలకైతే అసలు జరగదు. ఇది పిరికితనం కాదు.

సెప్టెంబరు 7

హాలు నిండిపోయింది. గోడ మీద పెద్ద చార్టు. పైన ఏనుగు, అడుగున నత్త. నత్తకు ఎవరో ఏడుపు ముఖం కూడా గీశారు.

కాగితం చదివాను. మైకులో నా గొంతు ఇంకెవరిదోలా ఉంది. చప్పట్లు. దిగబోతుంటే పెద్దమేడమ్, "ఎవరికైనా సందేహాలుంటే అడగండి" అన్నారు.

వెనక వరుసలో బొంగరం వాళ్లమ్మ లేచింది. ఈసారి కోటు లేదు. మంచి చీర కట్టుకుని వచ్చింది.

"మా పిల్లకిప్పుడు ఏనుగులే వస్తున్నాయండీ. మీ దయ. కాకపోతే... మొదట్లో నత్తొచ్చింది కదా. ఏం తప్పు చేసిందో చెబితే, మళ్లీ చెయ్యకుండా చూసుకుంటాను."

ఆమె పక్కన బొంగరం. తల వంచుకుని ఉంది.

కాగితంలో దానికి జవాబు లేదు.

"ఏ తప్పూ చెయ్యలేదండీ" అన్నాను. "తరగతిలో అందరికంటే బాగా రాసింది ఆ రోజు. నత్త గురించి రాసింది కనుక నత్తను వేశాను. నాకు అంత నచ్చింది."

హాల్లో గుసగుసలు. మొదటి వరుసలోంచి బ్యాంకు మేనేజరు లేచింది.

"ఒక్క నిమిషం. అయితే మావాడి ఏనుగు?"

"మీవాడు ఒక్క వాక్యమే రాశాడండీ. పేజీ బోసిగా ఉందని..."

ఎవరో పకపకా నవ్వారు. లెక్కల మాస్టారే అనుకుంటాను. ఆ నవ్వు హాలంతా పాకింది. బ్యాంకు మేనేజరు ముఖం కందగడ్డలా అయింది. ఎవరో "మరి మా చీమ?" అని అరిచారు. "అయితే రెండు నెలలుగా మా పిల్లలకు మార్కులే లేవా?" అని ఇంకొకరు. "ఫీజులు కడుతున్నది బొమ్మలకా?" అని మరొకరు.

"వాటికి అర్థమేమీ లేదండీ" అన్నాను. మైకులో. "ఏ బొమ్మకూ లేదు. పిల్లలు చూసింది రాయాలని వేశాను. ఇప్పుడు చూడనిది రాస్తున్నారు."

పెద్దమేడమ్ నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. మెల్లగానే తీసుకున్నారు.

సెప్టెంబరు 8

ఆదివారం. చెప్పేశాను కనుక తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదు. బొంగరం తలెత్తిందో లేదో చూడలేదు. అందరివైపూ చూశాను, ఆ పిల్లవైపు తప్ప.

అత్తయ్య కొత్త బట్టలు ఉతికి ఆరేసింది. "కుట్టు బాగా కుదిరింది" అంది. అంతే అంది.

సెప్టెంబరు 9

ఉద్యోగం పోలేదు. తరగతి పోయింది.

"నీకు పుస్తకాలంటే ఇష్టం కదా, కొన్నాళ్లు లైబ్రరీ సర్దు" అన్నారు పెద్దమేడమ్. లైబ్రరీ అంటే నీళ్ల ట్యాంకు వెనక గది. విరిగిన బెంచీలు, భూగోళం ఒకటి, తాళం వేసిన రెండు బీరువాలు. బీరువాల్లో పిల్లల కథల పుస్తకాలు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. చిరుగుతాయని ఎవరికీ ఇవ్వలేదట.

స్టాంపుల పద్ధతి కొనసాగుతుంది. సభలో అంత గొడవయ్యాక ఒక్క మార్పు చేశారు: నత్తను తీసేసి తాబేలును పెట్టారు.

సెప్టెంబరు 13

శుక్రవారం. దిద్దడానికేమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

లెక్కల మాస్టారు వచ్చి, గుమ్మంలో నిలబడి, "నీ జవాబు ఆ రోజు బాగుందమ్మా" అన్నాడు. ఏ రోజో, ఏ జవాబో చెప్పలేదు. ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 18

రెండు బీరువాలూ తాళం తీసి ఉంచాను. ఎవరూ రావడం లేదు. లైబ్రరీకి మార్కులు లేవు కనుక టైమ్ టేబుల్లో పీరియడ్ లేదు.

ఒక పుస్తకం తీసి నేనే చదువుకున్నాను. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను కూడా. పుస్తకం బాగాలేక కాదు.

సెప్టెంబరు 20

మధ్యాహ్నం విరామంలో గుమ్మం దగ్గర చప్పుడైంది. బొంగరం. నీళ్ల సీసా ఒక చేత్తో, తలుపు రెక్క ఒక చేత్తో పట్టుకుని ఉంది. లోపలికి రాలేదు.

"మీరిప్పుడు మా టీచర్ కాదు కదా?"

"కాదమ్మా."

"ఎవరికీ కాదా?"

"ఎవరికీ కాదు."

లోపలికి వచ్చింది. నా బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. పై సొరుగు లాగి చూసింది. కింది సొరుగు కూడా. అందులో నా గొడుగు, పెన్సిళ్లు, అత్తయ్య కట్టిచ్చిన అన్నం డబ్బా.

"స్టాంపులు లేవు" అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"లేవు."

"అయితే ఒకటడగనా?"

నేను తలూపాను.

"ట్యాంకు గోడ ఉంది కదా. అటువైపు పచ్చగా, మెత్తగా ఉంది. ఇటువైపు లేదు. గోడ ఒకటే. నీళ్లు రెండువైపులా కారుతున్నాయి. నేను రోజూ చూస్తున్నాను. ఎందుకు?"

"నాకు తెలియదు" అన్నాను.

ముఖం విప్పారింది. "నిజంగా తెలియదా?"

"నిజంగా."

"చూద్దాం రండి."

వెళ్లాం. గోడ మూల దగ్గర, అటు ఒక అరచెయ్యి, ఇటు ఒక అరచెయ్యి ఆనించి నిలబడింది. నన్నూ ఆనించమంది. ఒకవైపు వేడిగా ఉంది. రెండోవైపు చల్లగా, జిగటగా ఉంది. ఎండ ఎటు నుంచి వస్తోందో మెడలు ఎత్తి చూశాం. పొద్దున కూడా చూడాలంది. వాన పడ్డాక కూడా చూడాలంది. నా చేతినిండా పాచి.

గంట కొట్టారు. నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తబోయి, ఆగి, వెనక్కి వచ్చింది. వంగమన్నట్టు సైగ చేసింది. వంగాను. చెవిలో అంది:

"ఇది ఎవరికీ చెప్పకండి, టీచర్. మార్కులేస్తారు."